సెట్టా, రన్నా? రెండు బుల్లి మాటలు, వందల అర్థాలు

నమస్తే అండీ, విజయవాడ నుంచి మళ్లీ నేనే. మధ్యలో హారన్లు వినిపిస్తే సర్దుకోండి, మా ఇల్లు ఏలూరు రోడ్డుకి దగ్గర.

క్రికెట్ కామెంటరీలో ఒక మాట తరచూ వింటుంటాం. "బాగా సెట్ అయిన బ్యాట్స్‌మన్, అనవసరంగా రనౌట్ అయ్యాడు." పాపం, అతని సంగతి అటుంచండి. మనకి కావలసిన రెండు మాటలూ అందులోనే ఉన్నాయి. సెట్, రన్. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట ఏది అంటే పోటీ ఈ రెండిటి మధ్యే.

ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా పొడవైన పద్దు సెట్‌దే. క్రియగానే సుమారు 430 అర్థాలు. తర్వాత కొత్త కూర్పు కోసం పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు రన్ పట్టుకుని కూర్చున్నారు. ఒక్క మాటకి తొమ్మిది నెలలు పట్టింది. తేలిన లెక్క, క్రియగా 645 అర్థాలు! సెట్ వెనకబడిపోయింది. యంత్రాలు వచ్చాకే రన్‌కి ఇన్ని అర్థాలు పెరిగాయని ఒక వాదన ఉంది. రైలు, మోటారు, గడియారం, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్, అన్నీ రన్ అయ్యేవే కదా. నాకైతే సబబుగానే అనిపిస్తుంది.

టెన్షన్ పడకండి, 645 బట్టీ పెట్టమనను. ముందు ఒక తప్పు చెప్తాను. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ఒకాయన, చిన్న కిరాణా కొట్టు ఆయనది, "మై షాప్ ఈజ్ వాకింగ్ వెల్" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆయన తెలుగు బుర్రతో సరిగ్గానే ఆలోచించారు. మన కొట్టు నడుస్తుంది. మన రైలు కూడా గుంటూరుకీ విజయవాడకీ మధ్య నడుస్తుంది. ఇంగ్లిష్ వాళ్ల కొట్టూ రైలూ మాత్రం పరిగెడతాయి. "ది ట్రెయిన్ రన్స్ బిట్వీన్ గుంటూర్ అండ్ విజయవాడ." అంతే తేడా. మనిషి కాళ్లతో కాకుండా ఇంకేదైనా "నడుస్తోంది" అని తెలుగులో అనబోతున్నారా, ఆ చోట ఇంగ్లిష్‌లో రన్ పెట్టి చూడండి. చాలాసార్లు సరిపోతుంది. హోటల్ నడపడం, స్కూల్ నడపడం, అన్నీ రన్నే. సినిమా ఒక్కటీ మన దగ్గర నడవదు, ఆడుతుంది. వంద రోజులు ఆడిందంటే "ఇట్ ర్యాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్."

రెండో గుంపు నీళ్లది. కృష్ణ పారుతుంది, బందరు కాలవ పారుతుంది, పంపు కారుతుంది, జలుబు చేస్తే ముక్కు కారుతుంది. అన్నిటికీ రన్. "మై నోస్ ఈజ్ రన్నింగ్" అనాలి, ఫ్లోయింగ్ అనకూడదు. ముక్కు ఫ్లో అయితే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినట్టుంటుంది.

బట్టల రంగు కూడా ఈ నీళ్ల గుంపులోదే. మా అమ్మ మంగళగిరి చీర ఒకటి కొంది. దాని చీటీ మీద ఇంగ్లిష్‌లో "కలర్స్ మే రన్" అని ఉంది. మా అక్క కూతురు చదివి వినిపిస్తే, అమ్మ "ఎక్కడికే పరిగెట్టేది?" అంది. మొదటి ఉతుకులో తెలిసింది ఎక్కడికో. నా తెల్ల లుంగీలోకి. రంగు దిగడమే అక్కడ రన్. రోడ్లదీ దాదాపు ఇదే తంతు. బందరు రోడ్డు బెంజ్ సర్కిల్ మీదుగా వెళ్తుంది అనడానికి కూడా రన్స్ అనే అంటారు. రోడ్డు కదలదు, దాని వెంట మన చూపు పారుతుంది.

ఎన్నికల్లో నిలబడటం ఇంకా తమాషా. మన అభ్యర్థి నిలబడతాడు, అమెరికావాడు పరిగెడతాడు, "రన్నింగ్ ఫర్ ప్రెసిడెంట్" అంటూ. బ్రిటన్‌లో ఎక్కువగా మనలాగే స్టాండ్ అంటారు.

ఇప్పుడు సెట్. దీని మూలం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. సిట్ అంటే కూర్చోవడం. పాత ఇంగ్లిష్‌లో సెట్టన్ అంటే కూర్చోబెట్టడం. మనకి కూర్చో, కూర్చోబెట్టు ఎలాగో వాళ్లకి సిట్, సెట్ అలా. ఇక చూడండి. ఉంగరంలో రాయి పొదుగుతారు, సెట్. విరిగిన ఎముకని సరిగ్గా కుదిర్చి కట్టు కడతారు, సెట్. పెళ్లికి ముహూర్తం పెడతారు, "సెట్ ఎ డేట్." అలారం పెడతారు, ఎలుకకి బోను పెడతారు, రెండూ సెట్టే. మన ఊళ్లో పాత ప్రెస్సుల్లో సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చేవారు, కంపోజింగ్ అనేవాళ్లం. దానికీ సెట్ అనే అంటారు. పాలలో తోడు వేసి కదపకుండా ఉంచితే పెరుగు తోడుకుంటుంది, "ది కర్డ్ హాజ్ సెట్." సిమెంటు గట్టిపడినా ఇదే మాట. అన్నిట్లోనూ ఏదో ఒకటి తన చోట కూర్చుంటోంది. సాయంత్రం బ్యారేజీ మీద నిలబడి చూస్తే సూర్యుడు కూడా నీళ్ల అవతల మెల్లగా కూర్చున్నట్టే ఉంటాడు. సన్‌సెట్.

టీ సెట్, నగల సెట్ మాత్రం ఈ లెక్కలోకి పూర్తిగా రావు. ఆ నామవాచకం వెనక పాత ఫ్రెంచి మాట ఒకటుంది, దానికి మూలం లాటిన్‌లో ఒక వర్గం, ఒక పక్షం అనే అర్థమున్న మాట. రెండు వేర్వేరు పదాలు ఒకే చొక్కా తొడుక్కున్నాయి. మన 'కొట్టు' చూడండి, చెంప మీద కొట్టేదీ అదే, సందు చివర ఉప్పూ పప్పూ అమ్మేదీ అదే.

చివరన చిన్న మాట చేరితే మాత్రం లెక్క తప్పుతుంది. "సెట్ అవుట్" అంటే బయలుదేరడం, కూర్చోవడానికి పూర్తిగా ఎదురు. "రన్ ఇన్‌టు" అంటే దారిలో ఎవరైనా తగలడం. "రన్ అవుట్ ఆఫ్ గ్యాస్" అంటే గ్యాస్ అయిపోవడం, క్రికెట్‌తో సంబంధం లేదు. వీటికి నియమం వెతక్కండి, విడిగా నేర్చుకోండి. ఇంకొకటి, సెట్టెడ్ అనే మాట లేదు. నిన్నా సెట్టే, ఇవాళా సెట్టే. రన్ మాత్రం నిన్నటికి ర్యాన్ అవుతుంది.

ప్రతి 'పెట్టు'కీ సెట్ వేసేయకండి. అన్నం పెట్టడం సర్వ్, పేరు పెట్టడం నేమ్, దణ్ణం పెట్టడానికైతే సరైన మాటే లేదు. కింద కామెంట్లలో మీకు తట్టిన 'పెట్టు'లు రాయండి, వచ్చే వీడియోలో వాటి పని పడదాం. ఆగండి, వంటింట్లో చప్పుడు వినిపిస్తోందా? మున్సిపల్ నీళ్లు వచ్చాయి, పంపు రన్ అవుతోంది. బిందె పెట్టి వస్తాను. ఇక్కడ సెట్ కాదండోయ్, పుట్.