ఇందల మా గోరీల మాటేది?

(విజయనగరంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడి ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, వెనక నిలబడి వింటున్న పిల్లలకు నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి నాన్నా. పుస్తక పఠనం మీద మాట్లాడమన్నారు. అయితే ఇవాళ నవంబర్ 16. 1995లో యునెస్కో సహనం మీద ఒక ప్రకటన చేసి, ఈ తేదీని అంతర్జాతీయ సహన దినంగా నిర్ణయించింది. చాలాకాలంగా నా మనసులో నలుగుతున్న సంగతి ఒకటుంది. అది చెప్పుకోడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. పుస్తకాల సంగతి నా తరవాత మాట్లాడేవారు నాకన్నా బాగా చెబుతారు.

1959 క్రిస్మస్ రాత్రి జర్మనీలోని కొలోన్ నగరంలో యూదుల ప్రార్థనా మందిరం మీద నాజీ గుర్తులు పూశారు, యూదులు వెళ్లిపోవాలని రాశారు. ఆ మందిరాన్ని మళ్లీ కట్టి తెరిచింది ఆ ఏడాదే. అరవై లక్షల మంది యూదులను నాజీలు చంపిన ఘోరం, హోలోకాస్ట్, ముగిసి అప్పటికి పదిహేనేళ్లు కూడా నిండలేదు. కొద్ది వారాల్లో అవే రాతలు ఎన్నో దేశాల గోడలకెక్కాయి. ఐక్యరాజ్య సమితి కదిలింది. కదిలి ఏం చేసింది? 1962లో పనిని రెండుగా చీల్చింది. జాతి వివక్ష ఒక దారి, మత అసహనం ఒక దారి. యూదు ద్వేషం మాటెత్తడం అరబ్ దేశాలకూ సోవియట్ యూనియన్‌కూ ఇష్టం లేదు. కొత్తగా స్వతంత్రం వచ్చిన ఆఫ్రికా దేశాలకు జాతి వివక్ష ముందు తేలాలి. వారి తొందర న్యాయమైనదే.

జాతి వివక్ష మీద ఒప్పందం 1965 డిసెంబర్‌లో వచ్చేసింది. మతం మీద వచ్చింది ఒప్పందం కాదు, ప్రకటన. అదైనా 1981 నవంబర్ 25 దాకా రాలేదు. ఒప్పందంలో చేరిన దేశం జవాబు చెప్పుకోవాలి. ప్రకటనకు ఆ కట్టుబాటు లేదు. మత అసహనం మీద ఒప్పందం నేటికీ లేదు. పిల్లలూ, ఇది రాసుకోండి. నేటికీ లేదు.

ఆ 1965 చర్చల్లోనే యూదు ద్వేషాన్ని పేరుపెట్టి ఖండించాలని అమెరికా, బ్రెజిల్ అడిగాయి. అలాగైతే నాజీయిజంతో పాటు జియోనిజాన్నీ, అంటే యూదులకు సొంత దేశం ఉండాలనే వాదాన్నీ, చేర్చండి అంది సోవియట్ యూనియన్. గొడవ ముదిరింది. ఏ ఒక్కదాని పేరూ విడిగా వద్దని గ్రీస్, హంగరీ ప్రతిపాదించాయి, అదే నెగ్గింది. మూడో అధికరణంలో అపార్తీడ్ పేరు, అంటే దక్షిణాఫ్రికాలో నల్లవారిని వేరుచేసి అణచిన విధానం పేరు, ఉంది. ఉండితీరాలి. కానీ కొలోన్ గోడతో మొదలైన పనిలో కొలోన్‌లో జరిగినదాని పేరు లేకుండా పోయింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మన జిల్లాలోని ఒక ఊరు గుర్తొస్తుంది. ఊరి పేరు చెప్పను. అక్కడ చెరువుగట్టు అవతల ముస్లింల శ్మశానం ఉంది. ఒక రాత్రి ఎవరో నాలుగు గోరీలు పగలగొట్టారు. మర్నాడు శాంతి కమిటీ. ఊరి బడిలో మాస్టారిని కాబట్టి నన్నూ పిలిచారు. తీర్మానం రాయడానికి కూర్చున్నారు. గోరీల మాట రాస్తే, ఆ మధ్య గ్రామదేవత గుడి హుండీ పగలగొట్టిన సంగతీ రాయాలని ఒకరన్నారు. అది రాస్తే మా ప్రార్థన పాకకు నిప్పంటించినదీ రాయాలని ఇంకొకరు. మూడూ జరిగినవే. మూడూ తప్పులే. మూడూ రాస్తే ఏం పోయింది? రాయలేదు. పొద్దు వాలే దాకా వాదులాడి, చివరికి అన్నీ కొట్టేసి, “ఇటీవల జరిగిన కొన్ని అవాంఛనీయ సంఘటనలను ఖండిస్తున్నాం” అని ఒక్క వాక్యం మిగిల్చారు. అందరూ సంతకాలు పెట్టారు. ఆ పగిలిన గోరీల్లో ఒకటి తన భార్యదైన ముసలాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. చదివించుకుని విన్నాడు. “ఇందల మా గోరీల మాటేది బాబూ?” అన్నాడు. ఎవరూ పలకలేదు. తువ్వాలు భుజానేసుకుని ఎల్లిపోయాడు.

ఆయన అడిగిన ప్రశ్న న్యూయార్క్‌లో, ఐక్యరాజ్య సమితిలో, ఎన్నిమార్లు అడగాల్సి వచ్చిందో చూడండి. 1975 నవంబర్ 10న జియోనిజం ఒక రకం జాతివాదమేనని సర్వప్రతినిధి సభ 72–35 ఓట్లతో తీర్మానించింది. మన దేశం అనుకూలంగా వేసింది. 1991 డిసెంబర్‌లో 111–25తో దాన్ని రద్దు చేశారు. అప్పుడూ మన దేశం అనుకూలమే. 2003లో యూదు ద్వేషం మీద ఐర్లండ్ ముసాయిదా తెచ్చి వెనక్కి తీసుకుంది. 2005లో జనవరి 27ను హోలోకాస్ట్ మృతుల స్మృతిదినంగా ఓటింగ్ లేకుండా ఆమోదించడం నిజంగా మంచి పని.

2022 మార్చి 15న ఇస్లాం ద్వేషానికి వ్యతిరేకంగా ఒక దినం పెట్టారు. 2019లో అదే తేదీన న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద దాడిలో 51 మంది చనిపోయారు. హిందువులు, బౌద్ధులు, సిక్కుల మీది ద్వేషాన్ని కూడా గుర్తించాలని ఆ రోజు మన ప్రతినిధి అన్నారు. ఆ కోరికలో న్యాయముంది. రామతీర్థంలో రాముడి విగ్రహాన్ని ధ్వంసం చేసినప్పుడు ఈ జిల్లాలో ఎంత బాధపడ్డామో మనకు తెలుసు. కాని ఒకరి బాధ చెప్పాలంటే ముందు ఇంకొకరిది చెప్పాలని సంతబేరం మొదలైతే, ఆ ముసలాయన ఖాళీ చేతులతోనే వెళ్లాలి. గాజాలో చనిపోయే పిల్లల కోసం ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీయండి, నేనూ నిలదీస్తాను. ఆ కోపాన్ని ఎక్కడో ఉన్న యూదుల మందిరం గోడ మీద చూపించడం మాత్రం ఏ న్యాయం?

యూదులు మనకు దూరపువాళ్లని అనుకోకండి. కొచ్చిలో వారి మందిరం 1568 నాటిది. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే యూదు కుటుంబాలున్నాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మన పక్కనే చూడండి. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, ఇదే ఊళ్లో బాబామెట్ట దర్గా. ఆ దర్గాకు వెళ్లేవాళ్లలో మన ఇళ్లలోవాళ్లు ఎంతమంది లేరు?

అధ్యక్షుల వారూ, ఇంకొక్క నిమిషం. కలెక్టరు గారికి ఒక అర్జీ రాసి తెచ్చాను. శాంతి కమిటీ తీర్మానం ఏదైనా సరే, దెబ్బతిన్నది ఏ చోటో, ఎవరిదో, ఏం జరిగిందో మొదటి వాక్యంలోనే రాయాలని, ఒకటికి మించి ఉంటే అన్నీ విడివిడిగా రాయాలని అందులో కోరాను. తలుపు పక్క బల్ల మీద పెట్టాను, కలం కూడా అక్కడే ఉంది. చదివి, సరే అనిపించిన వాళ్లు పేరు, ఊరు రాసి సంతకం పెట్టండి. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఒక నకలు పట్టుకెళ్లి మీ సర్పంచి గారికి ఇవ్వండి.