ఆసుల జత ఓడిపోయిన ఆట

(గణాంక దినోత్సవం సందర్భంగా అనంతపురంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, మా గణాంక శాఖ మిత్రులకు, పొద్దున్నుంచీ ఓపిగ్గా కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం. జూన్ 29 మన దేశపు గొప్ప గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజు. ఆయన దగ్గర పనిచేసి ప్రపంచానికి గురువైన సి.ఆర్. రావు గారు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివినవారే. ఇద్దరికీ దణ్ణం పెట్టుకుని మొదలుపెడతాను.

నాకిచ్చిన అంశం 'నిత్యజీవితంలో సంభావ్యత'. దాని మీద రాసుకొచ్చిన కాగితాలున్నాయి. కానీ ముందు ఒక పేకాట సంగతి చెప్పాలి. చాలాకాలంగా నా మనసులో నలుగుతోంది.

2014 జూన్ చివర్లో, లాస్ వేగస్‌లోని రియో హోటల్లో ఒక పోకర్ పోటీ జరిగింది. పేరు 'బిగ్ వన్ ఫర్ వన్ డ్రాప్'. ప్రవేశ రుసుమే మనిషికి పది లక్షల డాలర్లు. అందులోంచి 1,11,111 డాలర్లు మంచినీటి కోసం పనిచేసే ఒక సేవాసంస్థకు వెళ్లాయి. 42 మంది ఆడారు. వారిలో కానర్ డ్రినన్ అనే కుర్రాడొకడు, కేరీ కాట్జ్ అనే వ్యాపారవేత్త ఒకరు.

ఒక ఆటలో డ్రినన్‌కు రెండు ఆసులు పడ్డాయి. మనిషికి రెండేసి ముక్కలు పంచే ఈ ఆటలో ఆసుల జత 221 సార్లలో ఒక్కసారి వస్తుంది. దాన్ని మించిన చెయ్యి లేదు. కాట్జ్ కూడా వెనక్కి తగ్గలేదు. బల్ల మీద ఒక్క ముక్క తెరవకముందే డ్రినన్ దగ్గరున్న చిప్స్, అంటే పందెం బిళ్లలు, అన్నీ మధ్యలోకి వచ్చేశాయి. ముక్కలు తిప్పితే కాట్జ్ దగ్గరా రెండు ఆసులే! పేకలో ఉన్న నాలుగు ఆసులూ ఆ ఇద్దరి చేతుల్లోనే ఉన్నాయి. ఇక సొమ్ము చెరిసగం పంచుకోవడమే అని చూస్తున్నవాళ్లందరికీ అర్థమైపోయింది.

తర్వాత ఉమ్మడి ముక్కలు అయిదు తెరిచారు. వీటినీ తన రెండింటినీ కలిపి ఎవరికి మెరుగైన అయిదు ముక్కలు కుదిరితే వాళ్లదే గెలుపు; అయిదూ ఒకే రంగైతే అది ఆసుల జతను మించుతుంది. మొదటి మూడింటిలో రెండు ఆఠీన్లు, అంటే హార్ట్స్. నాలుగోదీ ఆఠీనే. అయిదోదీ ఆఠీనే. ఆఠీన్ ఆసు కాట్జ్ చేతిలో ఉంది. బల్ల మీది నాలుగూ దాంతో కలిసి అయిదు ఒకే రంగు అయ్యాయి. డ్రినన్ చేతిలో ఆఠీన్ ఉండే అవకాశమే లేదు కదా, రెండూ ఆసులే. అంతే, పది లక్షల డాలర్ల పోటీలోంచి లేచి వెళ్లిపోయాడు.

బోర్డు ఉంది కాబట్టి లెక్క రాస్తాను. మిగిలిన 48 ముక్కల్లోంచి అయిదు ముక్కలు 17,12,304 రకాలుగా రావచ్చు. వాటిలో నాలుగైనా, అయిదైనా ఆఠీన్లు పడేవి 18,612. కాట్జ్‌కు ఇంకో రంగు ఆసు కూడా ఉంది, అందుకని రెట్టింపు చెయ్యండి. భాగిస్తే కాట్జ్ గెలిచే అవకాశం 2.17 శాతం వస్తుంది. డ్రినన్‌కూ సరిగ్గా అంతే. మిగతా 95 శాతం పైచిలుకు సందర్భాల్లో సొమ్ము సమానంగా పంచుకుంటారు.

ఈ వీడియో నేను క్లాసులో చూపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి అడుగుతారు. "సార్, అంతా ఒకేసారి ఎందుకు పెట్టాడు? కొంచెం ఆగి ఉండాల్సింది." నాకు కడుపు రగిలిపోతుంది. ఏం చూసి ఆగాలి బాబూ? ఎదుటివాడి చేతిలో ఏముందో తెలియనప్పుడు, ఆసుల జతకు నూటికి 85 సార్లు గెలుపే. ఆ క్షణాన ఆ కుర్రాడికి తెలిసినంతలో అంతకంటే సరైన పని ఇంకోటి లేదు. చివరి ఆఠీన్ పడ్డాక మనకు తెలిసిన సంగతితో వాణ్ణి తప్పుపట్టడం అన్యాయం. నేను మళ్లీ చెప్తున్నా, అన్యాయం.

ఒక్క నిమిషం. పేకాట ఆడమని చెప్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో, దేశమంతటికీ కలిపి కేంద్రం 2025లో నిషేధించాయి. మంచిపని చేశాయి. ఆట నడిపేవాడు ప్రతి పందెంలోనూ తన వాటా తీసుకుంటాడు, ఆడేవాళ్లలో ఎక్కువమంది నష్టపోక తప్పదు. ఆ పోటీలో కోటిన్నర డాలర్లు గెలిచిన డాన్ కోల్‌మన్ ఇంటర్వ్యూలు ఇవ్వనన్నాడు. ఈ ఆటకు ప్రచారం చెయ్యడం తనకిష్టం లేదని తర్వాత రాశాడు. నాకు గౌరవం కలిగింది.

ఇక అసలు సంగతి. మాది ఈ జిల్లానే, చేనిక్కాయలు, అంటే వేరుశనగ, పండించే ఇల్లు. ఒక ఏడాది మా నాయన జులై మొదటి వారంలో మంచి పదును చూసి విత్తినాడు. విత్తనకాయలు శుద్ధి చేసుకున్నాడు, గొర్రు సిద్ధం చేసుకున్నాడు, వాన పడిన మూడోనాటికి పని ముగించినాడు. చెట్టు పూత బాగా పట్టింది. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగితేనే వాటి కొసన కాయ కడుతుంది; సరిగ్గా ఆ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. నేల గట్టిపడిపోయి ఊడ లోపలికి దిగలేదు. నాయన చెట్టు పీకి చూపిస్తే వేళ్ల దగ్గర నాలుగు లొట్టకాయలు. పక్క చేనాయనకు విత్తనాలు ఆలస్యంగా దొరికాయి, మూడు వారాలు వెనక విత్తినాడు. ఆయన పైరు ఊడలు దిగే వేళకు వాన కురిసింది.

ఊరంతా ఏమన్నారో తెలుసా? మా నాయన "తొందరపడినాడు" అన్నారు. పక్కాయనకు "ముందుచూపు" అన్నారు. అప్పిచ్చినాయన రచ్చబండ దగ్గర అందరి ముందర అన్నాడు ఆ మాట. నాయన తిరిగి ఏమీ అనలేదు. ఆ తర్వాత విత్తే కాలం వచ్చినప్పుడల్లా పక్కవాళ్లను అడిగి కానీ గొర్రు కట్టలేదు. తనకు బాగా తెలిసిన పనిని నలుగురినీ అడిగి చెయ్యడం మొదలుపెట్టినాడు. పంట పోయినదానికంటే నాకు అదే ఎక్కువ బాధ.

మీలో రైతుబిడ్డలు ఎంతమందో నాకు తెలుసు. ఇంట్లో ఈ మాట ఎవరి మీద పడిందో మీకూ తెలుసు. మాట అనేముందు అడగండి: ఆ రోజు ఆ మనిషికి ఏం తెలుసు? ఆకాశంలో ఏముంది, నేలలో పదునెంత, చేతిలో డబ్బెంత?

రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేస్తున్నా, ప్రిన్సిపాల్ గారు క్షమించాలి. నాకు ఈ ఏడాది ఒక పని కావాలి. రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లి పాత వర్షపాతం లెక్కలు అడిగి తెద్దాం. జూన్, జులైలలో ఏ వారం విత్తితే ఎన్ని ఏళ్లలో ఊడల వేళకు వాన అందింది, ఎన్ని ఏళ్లలో అందలేదు? వారం వారానికీ లెక్క కట్టి, తెలుగులో అచ్చువేసి ఊళ్లకు పంచుదాం. సెలవుల్లో పని ఉంటుంది, మార్కులు ఉండవు. వచ్చేవాళ్లు చేతులెత్తండి.