సిలిండర్ ఖాళీ అయ్యాక గ్యాస్ ఎక్కడికి పోయింది?

శ్రోతలకు నమస్కారం.

నేను పదో తరగతిలో ఉండగా మా ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించారు. నట్లు, బోల్టులు తెమ్మని నాన్న నన్ను రాణిగంజ్ పంపారు. కిలో బోల్టులు, కిలో నట్లు ఇవ్వమన్నాను. కొట్టాయన తూకం ఆపి, "కిలో బోల్టులకు పావు కిలో నట్లు సాలు బిడ్డా" అన్నాడు. ఒక్కో బోల్టు 20 గ్రాములు, నట్టు 5 గ్రాములు. చెరో కిలో తెచ్చుంటే 50 జతలే అయ్యేవి, 150 నట్లు మిగిలిపోయేవి. ఆయన ఒక్కటీ లెక్కపెట్టలేదు. తూకంతోనే లెక్క తేల్చాడు.

ఇంటర్ పిల్లలకు ఏటా టెన్షన్ పెట్టే స్టాయికియోమెట్రీ, అంటే రసాయన చర్యలో ఏది ఎంత కావాలో, ఎంత వస్తుందో తేల్చే లెక్క, ఇదే. జర్మన్ రసాయన శాస్త్రవేత్త రిక్టర్ 1792లో ఈ పేరు పెట్టాడు. అణువులు జతకట్టేది సంఖ్యను బట్టి, తూకాన్ని బట్టి కాదు. కానీ వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మన వల్ల కాదు, తూచగలం అంతే. అందుకే మోల్. డజను అంటే పన్నెండు అన్నట్టే, మోల్ అంటే 6 పక్కన 23 సున్నాలు పెడితే ఎంతో, దాదాపు అంత. అన్ని ఆక్సిజన్ అణువులు 32 గ్రాములు తూగుతాయి, అన్నే బ్యూటేన్ అణువులు 58 గ్రాములు.

బ్యూటేన్ మన వంటింట్లోదే. వంట గ్యాస్‌లో ప్రొపేన్ కూడా కలిసి ఉంటుంది గానీ, లెక్క తేలిక కోసం అంతా బ్యూటేనే అనుకుందాం. రెండు బ్యూటేన్ అణువులు పూర్తిగా కాలాలంటే 13 ఆక్సిజన్ అణువులు కావాలి. అప్పుడు 8 కార్బన్ డయాక్సైడ్ అణువులు, 10 నీటి అణువులు వస్తాయి. ఇప్పుడు దీన్ని తూకంలోకి మార్చండి. 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి గాలిలోంచి దాదాపు 51 కిలోల ఆక్సిజన్ తీసుకుంటుంది. 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి మన వంటింట్లోకి వదులుతుంది. అటు 65 కిలోలు, ఇటు 65 కిలోలు. ఏదీ మాయమవలేదు. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను నమ్మలేక మళ్లీ వేశాను.

ఆ నీళ్లు కంటికి కనిపిస్తాయి కూడా. ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లు గిన్నెలో పోసి, అడుగు పొడిగా తుడిచి స్టవ్ మీద పెట్టండి. మంట తగలగానే గిన్నె బయటి వైపు సన్నటి చెమ్మ పడుతుంది. గిన్నె కారుతోందని కొందరు అనుకుంటారు. అందులో చాలా వరకు గ్యాస్ కాలగా పుట్టిన నీరే.

మరి ఆక్సిజన్ చాలకపోతే? పాలు పొంగి బర్నర్ రంధ్రాలు పూడుకుపోయాయంటే గ్యాస్‌తో గాలి సరిగా కలవదు. నీలం మంట పసుపు పచ్చగా మారుతుంది, గిన్నె అడుగున మసి పడుతుంది. కాలక మిగిలిన కార్బనే ఆ మసి. ముందుగా ఏది అయిపోతే అక్కడే చర్య ఆగుతుంది. దాన్నే పరిమిత కారకం అంటారు. ఆ రోజు నేను చెరో కిలో తెచ్చుంటే, నా బోల్టులు అదే.

గిన్నె మసి తోమితే పోతుంది. నా భయమంతా స్నానాల గదుల్లో బిగించే గ్యాస్ గీజర్ల గురించే. మన అపార్ట్‌మెంట్లలో ఆ గదులు చిన్నవి, చలికాలం కిటికీ మూసేస్తాం. రెండు బ్యూటేన్ అణువులకు 13 బదులు 9 ఆక్సిజన్ అణువులే అందాయనుకోండి, కార్బన్ డయాక్సైడ్‌కు బదులు కార్బన్ మోనాక్సైడ్ రావచ్చు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది, మనిషి స్పృహ తప్పుతాడు. తేడా నాలుగే నాలుగు అణువులు. గీజర్‌ను గది బయట, గాలి ఆడే చోట పెట్టించండి. ఇప్పటికే లోపల ఉంటే, బకెట్‌లోకి వేడినీళ్లు పట్టుకుని, గీజర్ ఆపేసి, కిటికీ తెరిచి కాసేపు గాలి ఆడనిచ్చాకే స్నానానికి వెళ్లండి.