మొదటి మొగుడు మారేడు కాయ

అందరికీ నమస్కారం. నేపాల్ పెళ్లిళ్ల గురించి చెప్పమంటే ఎవరైనా సిందూరం, పోతె పూసల దండ దగ్గర మొదలుపెడతారు. నేను మారేడు కాయ దగ్గర మొదలుపెడతాను.

మనకు మారేడంటే శివుడి పూజ. ఖాట్మండు లోయలోని నేవార్లకు ఆ కాయ పెళ్లిపీటల మీద ఉంటుంది. పిల్ల పెద్దమనిషి కాకముందే దానితో పెళ్లి చేసేస్తారు. ఈ తంతు పేరు ఇహీ. కాయే వరుడా, ఉత్త సాక్షా అని పండితులు వాదించుకుంటారు. ఇంట్లో ఆడవాళ్లకు ఆ గొడవ పట్టదు.

రెండు రోజుల వేడుక. వాకిట్లో పిల్లల్ని బారులుగా కూర్చోబెడతారు, ఒక్కోసారి పదుల సంఖ్యలో. ఒక్కో పిల్లనూ పసుపుపచ్చ దారంతో తల నుంచి కాలి దాకా కొలుస్తారు. ఒకసారి కాదు, 108 పోగులు! అంతసేపు కదలకుండా నిలబడటం ఆ వయసు పిల్లకు ఎంత కష్టమో తల్లులకు తెలుసు. ఆ దారమే తర్వాత మెడలో పడుతుంది. తండ్రి కన్యాదానం చేస్తాడు. కాయకు మచ్చ ఉండకూడదు. ఉంటే రాబోయే మొగుడు మంచివాడు కాడని భయం.

రెండో పెళ్లి సూర్యుడితో. దాన్ని బారా అంటారు. 12 రోజులు చీకటి గదిలో ఉంచుతారు, ఎండా తగలకూడదు, మగవాళ్లూ కనపడకూడదు. చివరి రోజున పెళ్లికూతురిలా ముస్తాబు చేసి సూర్యుణ్ణి చూపిస్తారు.

ఇక మనిషితో జరిగేది మూడో పెళ్లి. ఆ మనిషి పోయినా ఆమె విధవ కాదంటారు, మొదటి మొగుడికి చావు లేదు కాబట్టి. బొట్టు చెరిపి గాజులు పగలగొట్టడం చూసినవాళ్లు ఈ హాల్లోనూ ఉంటారు. వాళ్లకు ఈ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు.

వక్కల సంగతి ఇంకా ముచ్చటైనది. అప్పగింతలప్పుడు పెళ్లికూతురు పుట్టింటివాళ్లకు తలా పది వక్కలు ఇచ్చి సెలవు తీసుకుంటుంది. మొగుడి దిండు కింద వక్కలు పెట్టి వెళ్లిపోతే తెగతెంపులైనట్టే అని పాతకాలపు యాత్రికులు రాశారు.

అయితే మరీ మురిసిపోకండి. కాయను కట్టుకుంటావా అని ఆ పిల్లను ఎవరూ అడగరు. దానం చేసేది అక్కడా తండ్రే. 2017లో నేపాల్ తెచ్చుకున్న పౌర స్మృతి ప్రకారం పెళ్లికి అబ్బాయికైనా అమ్మాయికైనా 20 ఏళ్లు నిండాలి. మారేడు కాయకు ఆ లెక్క లేదు.