చదివింది వచ్చిందో లేదో తేల్చుకోవడం

శ్రోతలకు నమస్కారం. నెల్లూరు దగ్గర పల్లిపాడులోనూ, ప్రకాశం జిల్లా మైనంపాడులోనూ డైట్‌లు, అంటే ఉపాధ్యాయులను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఉన్నాయి. అక్కడి ఛాత్రోపాధ్యాయులకూ, మన రెండు జిల్లాల బి.ఎడ్. విద్యార్థులకూ ఉపయోగపడే విషయం ఇవాళ మాట్లాడుకుందాం.

మన ఆలోచన ఎలా సాగుతోందో మనమే గమనించుకుని, దారి తప్పినచోట సరిదిద్దుకోవడాన్ని మెటాకాగ్నిషన్ అంటారు. 1970లలో జాన్ ఫ్లావెల్ అనే అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. సైకాలజీ పేపర్లో నిర్వచనం రాయడం తేలికే. దాన్ని సొంత చదువుకు వాడుకోవడమే కష్టం.

ఎందుకంటే, అదే పేజీ మూడోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. కళ్లకు అలవాటైనదాన్ని మనసు 'వచ్చేసింది' అనుకుంటుంది. పుస్తకం మూయగానే పరీక్షించుకున్నా ఇదే చిక్కు, అప్పుడే చదివింది ఇంకా తాజాగా ఉంటుంది కదా. అందుకని పొద్దున చదివింది సాయంత్రం పరీక్షించుకోండి. పది బిట్లు తీసుకుని, ఎన్ని ఒప్పవుతాయో ముందే ఒక అంకె రాయండి. ప్రతి జవాబు పక్కన 'ఖాయం', 'అనుమానం', 'ఊహ' అని గుర్తు పెట్టండి. ఆ తర్వాతే కీ చూడండి.

'ఖాయం' అని రాసి తప్పయినవే అన్నిటికన్నా ముఖ్యం. ఉదాహరణకు పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పియాజే చెప్పిన దశల్లో పదిలపరచుకునే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న గ్రహింపు, ఏర్పడేది మూర్త ప్రచాలక దశలో. పూర్వ ప్రచాలక దశ అని ధీమాగా పెట్టినవారు ఆ పేజీని మళ్లీ ఎన్నిసార్లు తిరగేసినా లాభం లేదు. ఆ రెండు దశలకూ తేడా ఏమిటో పుస్తకం చూడకుండా సొంత మాటల్లో రాయాలి.

టీచింగ్ ప్రాక్టీస్‌లోనూ ఇంతే. 'అర్థమైందా?' అంటే క్లాసంతా ఒక్క గొంతుతో 'ఆఁ' అంటుంది. దాన్ని నమ్మి ముందుకెళ్తే పాఠం అక్కడే తప్పుతుంది. భిన్నాలు చెబుతున్నారనుకోండి. ఎనిమిది నాలుగుకన్నా పెద్దది కాబట్టి 1/8 కూడా 1/4 కన్నా పెద్దదని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఈ పొరపాటు వస్తుందని పాఠ్యపథకం అంచున ముందే రాసుకోండి. పాఠం మధ్యలో ఈ రెండిట్లో ఏది పెద్దదన్న ఒక్క ప్రశ్న వేసి, జవాబు ఎవరి పలక మీద వాళ్లను రాయమనండి. సగంమంది తప్పు రాస్తే కాగితం మడిచి చూపించాలి. లెక్కలు ఇంకొన్ని ఇస్తే అదే తప్పు గట్టిపడుతుంది.

పీరియడ్ అయ్యాక పది నిమిషాల్లో నోట్సు రాయండి, ఆలస్యమైతే వివరాలు జారిపోతాయి. 'పాఠం బాగా జరిగింది' అని రాస్తే దాంతో మర్నాడు చేయగలిగేది ఏమీ ఉండదు. ఏ ప్రశ్న దగ్గర పిల్లలు ఆగారు, అప్పుడు మీరేం చేశారు, రేపు ఏం మారుస్తారు, ఈ మూడూ ఉంటే చాలు. పర్యవేక్షకులు పథకం మీద సంతకం పెట్టేటప్పుడు ఈ మూడు వాక్యాలూ అడిగి చదివితే ఎంతో మేలు. నమస్కారం.