రెండు వేల సంవత్సరం: గోడ మీది పటం

శ్రోతలందరికీ నమస్కారం.

2000 సంవత్సరం అనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది వైటూకే. కంప్యూటర్లలో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసేవారు కదా, 99 తర్వాత 00 వస్తే అది 1900 అనుకుని లెక్కలన్నీ తారుమారవుతాయేమోనని ఒకటే టెన్షన్. బ్యాంకుల్లో డబ్బు ఏమైపోతుందోనని జనం గాభరా పడ్డారు. జనవరి 1 వచ్చింది. పొద్దున్నే పాలవాడు వచ్చాడు, కరెంటు ఉంది, రైళ్లు నడిచాయి.

అప్పట్లో నేను భద్రాచలం దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాడిని. మా క్లాసు గోడకు భారతదేశ పటం వేలాడుతూ ఉండేది. అందులో రాష్ట్రాలు 25. ఏడాది తిరిగేసరికి అవి 28 అయ్యాయి.

దానికంటే ముందు సెప్టెంబరు 19 గురించి చెప్పాలి. సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆ రోజు మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో బరిలో ఉంది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు పెట్టించుకుంది. అది లేచి ఉంటే బంగారమే. లేవలేదు, కాంస్యం దక్కింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. సిడ్నీ నుంచి మన దేశానికి వచ్చిన పతకం కూడా అదొక్కటే. మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాల్లోనే ప్రపంచ ఛాంపియన్. అయినా ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లోకి తీసుకున్నదే 2000లో. బలం ఎప్పటినుంచో ఉంది, చూపించడానికి వేదిక లేదు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అదే ఏడాది మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చారు. పేపర్ల నిండా హైటెక్ సిటీ ఫొటోలే. ఆగస్టు 28న అదే నగరంలో, బషీర్‌బాగ్‌లో, కరెంటు ఛార్జీలు తగ్గించమని అడగడానికి వచ్చినవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు ప్రాణాలు పోయాయి. ఆ రెండు తేదీల్లో ఏ ఒక్కదాన్ని వదిలేసినా ఆ ఏడాది కథ సగమే చెప్పినట్టవుతుందని నా నమ్మకం.

ఇక నవంబరు. 1న ఛత్తీస్‌గఢ్, 9న ఉత్తరాంచల్, 15న జార్ఖండ్. ఆ ఉత్తరాంచల్‌నే ఇప్పుడు మనం ఉత్తరాఖండ్ అంటున్నాం. ఆ కొండ ప్రాంతపు ఆడవాళ్లు రాష్ట్రం కోసం రోడ్డెక్కారు. 1994లో ఢిల్లీకి బయలుదేరినవాళ్ల మీద రాంపూర్ తిరాహా దగ్గర కాల్పులు జరిగాయి.

జార్ఖండ్‌కు నవంబరు 15 ఊరికే పెట్టలేదు. అది బిర్సా ముండా పుట్టినరోజు. అడవినీ భూమినీ కాపాడుకోవడానికి తెల్లదొరల మీద తిరగబడిన బిర్సా, 1900 జూన్ 9న రాంచీ జైల్లో కన్నుమూశాడు. అప్పటికి పాతికేళ్లైనా నిండలేదు. సరిగ్గా ఆ నూరేళ్లకు ఆయన నేల రాష్ట్రమైంది. మధ్యలో జైపాల్ సింగ్ ముండా ఉన్నారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారం తెచ్చిన మన హాకీ జట్టుకు కెప్టెన్ ఆయనే. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు వినిపించారు, జార్ఖండ్ కావాలని ఏళ్ల తరబడి అడిగారు. 1970లో పోయారు. ఇంకో ముప్ఫై ఏళ్లు బతికి ఉంటే ఎంత సంతోషించేవారో!

కొత్త పటం ఎప్పుడొస్తుందో తెలియక, స్కెచ్ పెన్ తీసుకుని పిల్లలతోనే పాత పటం మీద గీతలు గీయించాను. బస్తర్ దగ్గరికి వచ్చేసరికి ఒక అమ్మాయి ఆగిపోయింది. "మాస్టారూ, అయితే మధ్యప్రదేశ్ మనకి పక్క రాష్ట్రం కాదా ఇక?" కాదమ్మా, భద్రాచలం అవతల ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ అన్నాను. వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "మరి తెలంగాణ గీత ఎప్పుడు గీస్తాం సార్?" క్లాసులో ఎవరూ నవ్వలేదు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఆ గీత పడడానికి 2014 జూన్ 2 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదే మా చుట్టుపక్కల కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి.

రిటైరైన రోజున ఆ పటాన్ని అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. బస్తర్ దగ్గర ఆ అమ్మాయి చెయ్యి ఆగినచోట ఎర్ర సిరా చుక్క కాస్త పెద్దగా పాకి ఉంటుంది.

నమస్కారం.