కప్ప కింద ఏం పరచాలి, నోటికి ఎలా అందించాలి

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈరోజు వ్లాగ్‌లో మా ఇంట్లో కప్పల ట్యాంకులు శుభ్రం చేసి, కింద పరిచిన సబ్‌స్ట్రేట్ మార్చి, రాత్రి వాటికి తిండి పెట్టేదాకా అంతా చూపిస్తాను. కప్పని పెంచుకుందాం అనుకునే ఫ్రెండ్స్ ముందుగా అడిగేది "ఏం తింటుంది?" అని. నేను మాత్రం "కింద ఏం పరుస్తున్నారు?" అని అడుగుతాను. ఆ రెండూ ఒకే ప్రశ్న కాబట్టి.

ఎందుకో మా ప్యాక్‌మ్యాన్ కప్పని చూస్తే అర్థమవుతుంది. ఇది దక్షిణ అమెరికా కొమ్ము కప్ప జాతి. రోజంతా మట్టిలో సగం కూరుకుపోయి, కళ్లు మాత్రమే పైకి పెట్టి కూర్చుంటుంది. ఇదిగో, పట్టకారుతో వానపాముని దాని ముందు మెల్లగా కదుపుతున్నాను. కదలిక కనిపించింది, ఒళ్లు కొంచెం ముందుకి వంగింది... చటుక్కున పట్టేసింది! కప్ప నాలుక కింది దవడ ముందు భాగానికి అతికి ఉంటుంది, అందుకే అంత దూరం విసరగలదు. ఈ జాతి నాలుక తన బరువుని మించిన దాన్ని కూడా లాగగలదని 2014లో వచ్చిన పరిశోధనలో కొలిచి చూపించారు. ఇప్పుడు కళ్లు చూడండి, మూసుకుని లోపలికి దిగిపోతున్నాయి. ఆ కనుగుడ్లే లోపలి నుంచి నొక్కి తిండిని గొంతులోకి నెడతాయి. ఇలా మింగే జంతువుకి నోట్లో పడ్డదాన్ని నమిలి, ఏరి, ఉమ్మేసే వీలు తక్కువ. ఎరతో పాటు ఏది అంటుకుంటే అదీ లోపలికే.

అందుకే గులకరాళ్లు వద్దు. రంగురంగుల రాళ్లు ట్యాంకులో ఎంత అందంగా ఉన్నా వద్దు. కప్ప తలకంటే చిన్న రాయి ఏదైనా మింగేస్తుందనే లెక్కేసుకోండి. అది పేగుల్లో ఇరుక్కుంటే కప్ప తిండి మానేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, మలం రాదు. దీన్నే ఇంపాక్షన్ అంటారు, ప్రాణం మీదికి వస్తుంది. చెట్టు బెరడు ముక్కలు కూడా అంతే ప్రమాదం. పైన్, సెడార్ చెక్క పొట్టు ఇంకో రకంగా చెడ్డది: వాటిలోని ఘాటు నూనెలు కప్ప చర్మానికి పడవు.

చర్మం సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. కప్ప మనలా నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర ఉన్న పల్చని చర్మంతో తడిని పీల్చుకుంటుంది. అంటే కింద పరిచిన మట్టిలో ఏముంటే అది నేరుగా ఒంట్లోకి పోతుంది. ఎరువు కలిపిన కుండీ మట్టి, సబ్బుతో కడిగి సరిగ్గా జాడించని గిన్నె, ఇవన్నీ విషమే. కుళాయి నీళ్లలోని క్లోరిన్ రాత్రంతా బయట పెడితే పోతుంది కానీ క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) అలా పోదు. కాబట్టి నేను ప్రతిసారీ డీక్లోరినేటర్ (ఆ రెండిటినీ తీసేసే మందు) చుక్కలు వేసిన నీళ్లే వాడతాను.

ఈ ప్యాక్‌మ్యాన్‌కి నేను వేసేది ఏ ఎరువూ కలపని సన్నని కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి. ఇటుకలా నొక్కి అమ్మే ఆ కోకోపీట్‌ని ఆ శుద్ధి చేసిన నీళ్లలో నానబెట్టి, చేత్తో పొడిపొడిగా విడగొట్టి, పొడుగు పీచులు కనిపిస్తే ఏరేస్తున్నాను. ఒక పిడికెడు తీసుకుని గట్టిగా పిండుతున్నాను, చూడండి, ఒకటి రెండు చుక్కలే పడ్డాయి. ఆ తడి చాలు. ధారగా కారితే బురద, అసలు రాకపోతే కప్ప ఎండిపోతుంది. లోతు ఎంతంటే అది కూరుకుని కూర్చోగలిగేంత. సన్నని పొడి కొద్దిగా నోట్లోకి పోయినా ఆరోగ్యంగా, తడిగా ఉన్న కప్పకి మామూలుగా మలంలో వెళ్లిపోతుంది. అయినా ఆ కొద్దీ ఎందుకు పోనివ్వాలి? పట్టకారుతో ఎరని కాస్త పైకి పట్టుకుంటే చాలు. పట్టకారు మాత్రం మొన మొద్దుగా ఉన్నది, ప్లాస్టిక్‌దో వెదురుదో తీసుకోండి. ఈ కప్ప పట్టు గట్టిగా ఉంటుంది కాబట్టి పదునైన ఇనుప మొనకి నోరు గాయమవుతుంది. వేళ్లతో అస్సలు పెట్టకండి, గట్టిగా కరుస్తుంది.

ఇంకో మాట. ఇది తన మలం పడ్డ మట్టిలోనే కూర్చుంటుంది. ఆ అమ్మోనియా మళ్లీ చర్మంలోంచే లోపలికి వెళ్తుంది. కనిపించినప్పుడల్లా ఆ భాగం తీసేసి, వాసన రాకముందే మొత్తం మార్చేస్తాను. కొత్తగా తెచ్చిన కప్పకి గానీ, ఒంట్లో బాగాలేని కప్పకి గానీ రంగు, వాసన లేని పేపర్ టవల్ తడిపి వేయండి. చూడ్డానికి బాగుండదు కానీ మలం వచ్చిందా, ఎలా ఉంది అనేది స్పష్టంగా తెలుస్తుంది. తొలి రోజుల్లో అంతకంటే విలువైన సమాచారం లేదు.

ఇది వైట్స్ ట్రీ ఫ్రాగ్, కొమ్మల మీద ఉండేది. దీనికి లోతైన మట్టి అక్కర్లేదు. ఎర మాత్రం నున్నటి గోడలున్న గిన్నెలో వేస్తాను, కీచురాళ్లు పైకి ఎక్కలేవు, కప్ప నేలని నాకదు. వీడియో కాల్‌లో మా అమ్మ "దానికి మనం తినేదే కాస్త పెట్టకూడదా?" అని అడిగింది. "కదలనిది దానికి తిండిలా కనిపించదమ్మా, వండింది అరగదు కూడా" అన్నాను. ఇంట్లోనో తోటలోనో పట్టిన పురుగులు కూడా పెట్టొద్దు. వాటి మీద పురుగుమందు ఉండొచ్చు. మిణుగురులైతే వాటికవే విషం.

ఎర సైజు కప్ప రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. కీచురాళ్లలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. అలాగే పెడుతూ పోతే కప్ప ఎముకలు మెత్తబడతాయి. అందుకే కీచురాళ్లకి ముందు 24 నుంచి 48 గంటలు ఆకుకూరలు, క్యారెట్ పెట్టి, కప్పకి వేసే ముందు విటమిన్ డీ3 ఉన్న కాల్షియం పొడిలో ఒకసారి దొర్లిస్తాను. విటమిన్ ఏ కూడా చూసుకోవాలి, అది తగ్గితే నాలుకతో ఎరని పట్టలేకపోతుంది. పిల్ల కప్పలకి రోజూ, పెద్దవాటికి వారానికి రెండు మూడు సార్లు చాలు. ఈ ట్రీ ఫ్రాగ్ కళ్ల పైన మడత చూడండి. అది కంటి మీదికి వాలిపోతే ఒళ్లు ఎక్కువైనట్టు, అసలు లేకపోతే చిక్కిపోయినట్టు. తినగా మిగిలిన కీచురాళ్లని రాత్రి ట్యాంకులో వదలకండి. నిద్రపోయే కప్పనే కొరుకుతాయి.

చివరగా నీళ్లలో ఉండే ఆఫ్రికన్ డ్వార్ఫ్ కప్పలు. వీటికి నాలుకే లేదు! నోరు తెరిచి నీటితో సహా లోపలికి పీల్చేస్తాయి. కాబట్టి అడుగున ఏమీ వేయకుండా వదిలేయండి, లేదంటే సన్నని ఇసుక వేయండి. చూపు అంతంతమాత్రం, ఎక్కువగా వాసన మీదే ఆధారం. ఫ్రీజ్ చేసి అమ్మే బ్లడ్‌వార్మ్స్‌ (ఎర్రటి చిన్న నీటి పురుగులు) కరిగించి, వాటిని పొడుగు డ్రాపర్‌తో ఒక చిన్న గిన్నెలో వదులుతాను, రోజూ అదే చోట. కొన్నాళ్లకి అవే అక్కడికి వస్తాయి. చేపలతో కలిపి ఉంచితే వీటి వాటా చేపలే తినేస్తాయి.

కప్పల మీద మనకి జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి ట్యాంకు పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి, ఆ సామాన్లు వంటింటి సింక్‌లో కడగకూడదు. అయిదేళ్లలోపు పిల్లల్ని వీటిని ముట్టుకోనివ్వకండి. పొట్ట ఉబ్బి, మలం ఆగిందనిపిస్తే ఇంటి చిట్కాలు వద్దు, ఎగ్జాటిక్ వెట్ (కప్పల్లాంటి పెంపుడు జీవులని చూసే పశువైద్యుడు) దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ట్యాంకులో పరిచినదాంట్లోంచి ఒక గుప్పెడు కవర్లో వేసుకెళ్తే డాక్టర్‌కి పని తేలికవుతుంది. వచ్చే వీడియోలో కీచురాళ్లని వాసన రాకుండా ఇంట్లోనే ఎలా ఉంచాలో చూపిస్తాను, ఉంటానండీ.